కుక్క పిల్లలు పెట్టేవేళ

ఇంట్లో కుక్క చూలుతో ఉన్నదని తెలియగానే పిల్లలు రెండు ప్రశ్నలు అడుగుతారు. ఒకటి, "ఎన్ని పిల్లల్ని పెడుతుంది?" రెండోది, "నాకొకటి ఇస్తారా?" ముప్ఫై ఏళ్ళకు పైగా బడిపిల్లల మధ్య గడిపినవాణ్ణి కనక ఈ రెండు ప్రశ్నలూ చాలాసార్లు విన్నాను. "దానికి మనం ఏం చెయ్యాలి?" అని అడిగినవాళ్ళు మాత్రం తక్కువ. ఆ మూడో ప్రశ్నకు జవాబు చెబుదామనే ఇది రాస్తున్నాను. మీ అమ్మానాన్నలు కూడా పక్కన కూర్చుని చదివితే మంచిది. ఎందుచేతనంటే ఇందులో కొన్ని పనులు మీరు చెయ్యదగ్గవి, కొన్ని వాళ్ళే చెయ్యవలసినవి.

కుక్క పిల్లల్ని మోసేది సుమారు 63 రోజులు, అంటే తొమ్మిది వారాలు. నాలుగైదు రోజులు ఇటూ అటూ కావచ్చు. ఆవు తొమ్మిది నెలలకు పైగా మోస్తుంది, ఏనుగు దాదాపు 22 నెలలు మోస్తుంది. వాటితో పోలిస్తే కుక్కకు గడువు చాలా తక్కువ. అందులోనూ మొదటి నెల గడిచేదాకా పైకి ఏమీ కనిపించదు. లోపలి పిల్లలు అప్పటికి మీ బొటనవేలి కొనకంటె పెద్దవి కావు. అవి బరువెక్కేది చాలావరకు చివరి మూడు వారాల్లోనే. ఈ సంగతి తెలిస్తే తిండి ఎప్పుడు పెంచాలో మీరే చెప్పగలరు.

చూలు కదా అని మొదటి రోజునుంచీ రెట్టింపు అన్నం పెడితే ఆ తిండి పిల్లలకు పట్టదు, తల్లికి కొవ్వవుతుంది. కొవ్వెక్కిన కుక్కకు పురుడు కష్టం. మొదటి అయిదు వారాలూ మామూలు తిండే చాలు. ఆరో వారంనుంచి కొంచెం కొంచెంగా పెంచుతూ, చివరికి మామూలుకన్న మూడోవంతో సగమో ఎక్కువ పెట్టాలి. అప్పటికి కడుపులో చోటంతా పిల్లలే ఆక్రమించి ఉంటాయి కనక ఒకేసారి కాక రోజుకు మూడు నాలుగు సార్లు పెట్టాలి. ఒట్టి పెరుగన్నంతో సరిపెట్టకండి. ఉడికించిన గుడ్డు, ముళ్ళు తీసిన చేప, మాంసం ముక్కలు అన్నంలో కలపండి. మనం తిని మిగిల్చిన పులుసు మాత్రం పొయ్యవద్దు. అందులో ఉండే ఉల్లిపాయ కుక్క రక్తంలోని ఎర్రకణాలను పాడుచేస్తుంది. ద్రాక్ష, చాకొలెట్టు కూడా దానికి విషంతో సమానం. బలానికని కొందరు కాల్షియం మాత్రలు వేస్తారు. డాక్టరు చెప్పనిదే ఆ పని చెయ్యకూడదు. ఎందుకో తరవాత చెబుతాను.

ఈ తొమ్మిది వారాల్లో ఒకటి రెండుసార్లయినా పశువుల ఆసుపత్రికి తీసుకువెళ్ళి చూపించాలి. ఎన్ని పిల్లలు అన్న మీ మొదటి ప్రశ్నకు జవాబు అక్కడే దొరుకుతుంది. చివరి వారంలో ఎక్సురే తీస్తే పిల్లల ఎముకలు తెల్లగా కనిపిస్తాయి. తలలూ వెన్నెముకలూ లెక్కపెట్టి డాక్టరు సంఖ్య చెబుతాడు. ఇది ఒట్టి సరదాకోసం కాదు. అయిదు ఉన్నాయని తెలిసి నాలుగే పుడితే, ఇంకొకటి లోపల చిక్కుకున్నదని తెలుసుకోవచ్చు.

రోజులు దగ్గరపడితే కుక్క చోటు వెతుక్కుంటుంది. మంచం కిందా, బియ్యం బస్తాల సందునా దూరి కాళ్ళతో గీరుతుంది. పది రోజుల ముందే మనం ఒక చోటు చూపిస్తే దానికి అలవాటవుతుంది. నలుగురూ తిరగని మూల, గాలి విసురు తగలని చోట, ఒక వెడల్పాటి చెక్కపెట్టె చాలు. తల్లి దాటి రాగలిగి, పిల్లలు పాకి పోలేనంత ఎత్తు అంచులుండాలి. లోపల పాత నేతచీరెలు మడతలు వేసి పరవండి. గోనెపట్టా వద్దు, దాని పోగులు పిల్లల కాళ్ళకు చుట్టుకుంటాయి. పెట్టె లోపలి గోడల వెంట, అడుక్కి కొంచెం పైగా ఒక కర్ర బిగిస్తే తల్లి గోడకు ఆనుకుని పడుకున్నప్పుడు పిల్ల నలగకుండా ఆ సందులో ఉండిపోతుంది.

ఇక మీ పని ఒకటున్నది. ఒక నోటుపుస్తకం తీసుకోండి. కుక్క ఒంటి వేడి మామూలుగా 101 నుంచి 102½ డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటుంది, మనకన్న ఎక్కువే. చివరి వారంలో పెద్దవాళ్ళు ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి ఆసనంలో థర్మామీటరు పెట్టి చూడాలి. మీరు ఆ అంకె రాసుకోవాలి. గ్రాఫు కాగితంమీద చుక్కలు పెట్టి గీత గీస్తే ఇంకా బాగుంటుంది. ఒకనాడు ఆ గీత చటుక్కున 99 కన్న కిందికి దిగుతుంది. చూలును నిలబెట్టే ఒక రసాయనం రక్తంలో తగ్గిపోవటమే దీనికి కారణం. ఆ తరవాత సుమారు ఒక రోజులోపల పిల్లలు పుడతాయి.

అప్పుడు కుక్క తిండి మానేస్తుంది, రొప్పుతుంది, వణుకుతుంది, లేస్తుంది, పడుకుంటుంది. ఇలా ఆరు గంటలో పన్నెండు గంటలో, ఒక్కొక్కప్పుడు అంతకు ఎక్కువో గడుస్తాయి. దానికి బాగా అలవాటైన పెద్దమనిషి ఒక్కరు దూరంగా కూర్చుంటే చాలు. ఇరుగుపొరుగు చేరి మూగితే నొప్పులు ఆగిపోవటం కూడా కద్దు. తరవాత ముక్కటం మొదలుపెట్టి ఒక్కొక్క పిల్లనే పెడుతుంది. కాన్పుకూ కాన్పుకూ మధ్య అరగంటో గంటో విరామం ఉంటుంది. నూటికి సుమారు 40 పిల్లలు వెనకకాళ్ళు ముందుగా వస్తాయి. మనుషుల్లో అది ప్రమాదం. కుక్కల్లో మామూలే, కంగారు పడకండి. పిల్ల పల్చని సంచిలో చుట్టుకుని వస్తుంది. తల్లి ఆ సంచి చించి, బొడ్డుతాడు కొరికి, పిల్లను గట్టిగా నాకుతుంది. మోటుగా దొర్లిస్తున్నదే అనిపిస్తుంది చూసేవారికి. ఆ నాకుడువల్లనే పిల్ల మొదటి ఊపిరి తీస్తుంది. ఒకటి రెండు నిమిషాలలో తల్లి ఆ పని చెయ్యకపోతే పెద్దవాళ్ళు చేతులు కడుక్కుని, ముక్కు దగ్గర సంచి చించి, నోరు తుడిచి, ముతక తువ్వాలుతో ఒళ్ళు రుద్దాలి.

డాక్టరుకు వెంటనే కబురు చెయ్యవలసిన సందర్భాలు పెట్టె పక్క గోడకు రాసి అంటించండి. గట్టిగా ముక్కుతూ అరగంట గడిచినా పిల్ల రాకపోవటం. ఇంకా పిల్లలున్నాయని తెలిసి కూడా రెండు గంటలు ఏమీ జరగకపోవటం. మొదటి పిల్ల పుట్టకముందే ఆకుపచ్చని స్రావం కావటం. 70 రోజులు దాటినా నొప్పులు రాకపోవటం. ఈ పరిస్థితుల్లో ఇంటివైద్యం పనికిరాదు. అర్ధరాత్రి అయినా డాక్టరు ఫోను నంబరు ముందే రాసిపెట్టుకుని ఉండాలి.

పుట్టిన పిల్లకు కళ్ళు కనిపించవు, చెవులు వినిపించవు. కళ్ళు తెరవటానికి పది పద్నాలుగు రోజులు పడుతుంది, చెవులు ఇంకా కొన్నాళ్ళకు. చలి వేస్తే వణకటం కూడా దానికి చాతకాదు. తల్లి ఒంటి వెచ్చదనమే దానికి దుప్పటి. మొదటి రోజు పాలు తప్పనిసరిగా తాగించాలి. మనకు జున్నుపాలంటే తెలుసు కదా? కుక్కకూ అటువంటి తొలిపాలు ఉంటాయి. రోగాలను అడ్డుకునే శక్తి పిల్లకు చాలావరకు వాటిలోనుంచే వస్తుంది. మొదటి 24 గంటలు దాటితే ఆ శక్తిని పిల్ల పేగులు పీల్చుకోలేవు. రోజూ వంటింటి తక్కెడలో ఒక్కొక్క పిల్లనూ తూచి, ఆ అంకెలు కూడా మీ పుస్తకంలో రాయండి. వారం పది రోజుల్లో బరువు రెట్టింపు కావాలి. ఏ పిల్ల అయినా పెరగటం మానేస్తే అందరికన్న ముందు మీ పుస్తకమే చెబుతుంది.

ఇప్పుడు కాల్షియం సంగతి. పాలలో కాల్షియం చాలా ఉంటుంది. నాలుగైదు పిల్లలు ఒక్కసారిగా పాలు తాగుతూంటే అదంతా తల్లి రక్తంనుంచి పోతుంది. రక్తంలో తగ్గినప్పుడు ఎముకలలోనుంచి తీసి సరిపెట్టమని హెచ్చరించే చిన్న గ్రంథులు మెడలో ఉన్నాయి. చూలుతో ఉన్నన్నాళ్ళూ మాత్రలు మింగిస్తూ పోతే ఆ గ్రంథులకు పని ఉండదు. పాలిచ్చే రోజుల్లో ఒక్కసారిగా అవసరం వచ్చేసరికి అవి వేళకు అందుకోలేవు. సహాయం చేశామనుకున్నదే హాని అవుతుంది.

మా వీధిలో ఒక చిన్న తెల్ల కుక్క నాలుగు పిల్లల్ని పెట్టింది. పద్దెనిమిదో రోజున అది పిల్లల్ని వదిలి అటూ ఇటూ తిరగసాగింది. మధ్యాహ్నానికి కాళ్ళు కర్రల్లా బిగుసుకున్నాయి. నోట నురుగు, ఒళ్ళంతా వణుకు. "పిచ్చెత్తింది!" అని ఎవరో కర్ర తీసుకున్నారు. అదృష్టవశాత్తూ ఆ ఇంటి కోడలు పంచ తలుపు మూసి, పశువుల డాక్టరును పిలిపించింది. ఆయన నరంలోకి కాల్షియం మందు చాలా నెమ్మదిగా ఎక్కించాడు. పావుగంటలో వణుకు తగ్గింది, సాయంత్రానికి లేచి నిలబడ్డది. పిల్లలకు ఒక రోజు సీసాపాలు పట్టారు. చిన్న జాతి కుక్కలకూ, ఎక్కువ పిల్లలున్న తల్లులకూ ఈ జబ్బు వచ్చే అవకాశం ఎక్కువ. ఆలస్యమైతే ప్రాణం పోతుంది. ఇటువంటి కుక్క దగ్గరికి మీరు వెళ్ళకూడదు. పెద్దవాళ్ళకు చెప్పటమే మీ పని.

అసలు బాలెంత కుక్క ఎంత సాధువైనా మొదటి రెండు మూడు వారాలు పిల్లల జోలికి పోకపోవటం మంచిది. వీధికుక్కల విషయంలో మరీను. మన దేశంలో అవి ఎక్కువగా శీతాకాలంలోనే పిల్లలు పెడతాయి. ఒక పుష్యమాసంలో మా బడి వంటపాకలో కట్టెల చాటున ఒక కుక్క అయిదింటిని పెట్టింది. పిల్లలంతా మూగి చూశారు, ఎత్తుకున్నారు. రాత్రికి రాత్రే అది వాటిని నోట కరుచుకుని రోడ్డు తూము కిందికి మార్చింది. అక్కడినుంచి బయటికి నడిచి వచ్చినవి మూడే. కోల్‌కతాలోని ఐసర్ సంస్థ శాస్త్రజ్ఞులు 364 వీధికుక్క పిల్లలను గమనించి 2016లో ప్రకటించిన లెక్క ఇంకా బాధాకరమైనది. పెద్దయ్యేదాకా బతికినవి నూటికి 19 మాత్రమే. పోయినవాటిలో సగానికి పైగా మనుషుల మూలంగానే పోయాయి. గోనెపట్టా కప్పిన ఒక మూల, తల్లికి ఇంత అన్నం, ఒక చిప్పలో నీళ్ళు దూరంగా పెట్టి వచ్చెయ్యండి. తల్లి కరిచినా, గీరినా దాచకండి. గాయాన్ని వెంటనే పారే నీళ్ళలో సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, ఆనాడే ఆసుపత్రికి వెళ్ళి టీకా వేయించుకోవాలి.

ఇంట్లో పిల్లలకు రెండో వారంనుంచే ఏలికపాముల మందు పట్టించాలి. ఆ పురుగులు తల్లి కడుపులో ఉండగానే పిల్లలకు అంటుతాయి, మీకూ అంటగలవు. కనక కుక్కపిల్లను ముట్టుకుంటే చేతులు కడుక్కోండి. నాలుగో వారంలో మెత్తగా పిసికిన అన్నం, గుడ్డు అలవాటు చెయ్యవచ్చు. టీకాలు ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలవుతాయి, పిచ్చికుక్క రోగానికి మూడు నెలల ఈడులో. ఇక మీ రెండో ప్రశ్న: ఎనిమిది వారాలు నిండకుండా తల్లినుంచి విడదీసి ఎవరికీ ఇవ్వకూడదు. కొరికితే ఎదటివాడికి నొప్పి కలుగుతుందని పిల్ల నేర్చుకునేది ఆ రోజుల్లోనే, తోటి పిల్లలతో ఆడుతూ. పుట్టిన తేదీ మీ పుస్తకంలో ఉన్నది కదా, దానికి 56 రోజులు కలుపుకోండి.