స్టెప్నీ సిద్ధమేనా? చిన్న కారుకు అదనపు చక్రం, పనిముట్ల ఎంపిక

కారు కొనేవారు ధర, మైలేజీ, రంగు, ఎయిర్‌బ్యాగుల సంఖ్య వంటి అంశాలను శ్రద్ధగా విచారిస్తారు. డిక్కీ అడుగున ఉన్న పలకను ఎత్తి చూసేవారు మాత్రం తక్కువ. ఆ పలక కింద ఏముందో చాలామందికి దారి మధ్యలో టైరు గాలి దిగిపోయిన రోజునే తెలుస్తుంది. కొందరికి అక్కడ మిగతా నాలుగింటి వంటి ఐదో చక్రం కనిపిస్తుంది. కొందరికి వాటికంటే సన్నని, చిన్న చక్రం కనిపిస్తుంది. మరికొందరికి ఒక ద్రవం సీసా, చిన్న గాలి పంపు తప్ప మరేమీ కనిపించవు. ఈ మూడూ ఒకే పని చేయవు. కారును ఎంత దూరం, ఎంత వేగంతో, ఎంత భద్రంగా ముందుకు తీసుకువెళ్లవచ్చునన్నది అక్కడ ఉన్నదాన్ని బట్టే ఉంటుంది.

ఒక వీధి పేరు నుంచి వచ్చిన మాట

అదనపు చక్రాన్ని మన దేశంలో స్టెప్నీ అని పిలవడం పరిపాటి. ఈ మాట వేల్స్‌లోని లానెల్లి పట్టణం నుంచి వచ్చింది. మోటారు కార్లు వచ్చిన తొలి రోజుల్లో వాటితో పాటు అదనపు చక్రం ఇచ్చే ఏర్పాటు ఉండేది కాదు. 1904లో లానెల్లికి చెందిన థామస్ మోరిస్ డేవిస్, గాలి నింపిన టైరు తొడిగిన ఒక ఊచలు లేని చక్రాన్ని రూపొందించారు. గాలి దిగిన చక్రానికి దానిని బిగించి ప్రయాణం కొనసాగించేవారు. సోదరుడు వాల్టర్‌తో కలిసి ఆయన వ్యాపారం నడిపిన వీధి పేరు స్టెప్నీ స్ట్రీట్. ఆ వీధి పేరే వస్తువు పేరై, బ్రిటిష్ పాలన కాలంలో భారతదేశానికి చేరి, మన మెకానిక్ షెడ్లలో స్థిరపడిపోయింది.

నూరేళ్లకు పైగా గడిచాక కార్లు మళ్లీ అదనపు చక్రం లేకుండా కర్మాగారాల నుంచి బయటకు వస్తున్నాయి.

నిబంధన ఏమి చెబుతోంది?

కేంద్ర రహదారి రవాణా, జాతీయ రహదారుల మంత్రిత్వ శాఖ 2020 జులైలో కేంద్ర మోటారు వాహనాల నిబంధనలను సవరించింది. డ్రైవరు కాక ఎనిమిది మంది వరకు ప్రయాణించే, మొత్తం బరువు 3.5 టన్నులు దాటని వాహనాలకు ఈ సవరణ వర్తిస్తుంది. అటువంటి వాహనానికి ట్యూబ్‌లెస్ టైర్లు, టైరులో గాలి తగ్గితే డ్రైవరును హెచ్చరించే వ్యవస్థ, టైరు మరమ్మతు కిట్టు ఉంటే అదనపు చక్రం తప్పనిసరి కాదు. దీనివల్ల వాహనం బరువు తగ్గుతుంది. విద్యుత్ కార్లలో బ్యాటరీకి, సీఎన్‌జీ కార్లలో సిలిండరుకు స్థలం దొరుకుతుంది. తయారీదారుకు ఖర్చు కూడా కలిసివస్తుంది.

ఇది తయారీదారుకు ఇచ్చిన వెసులుబాటు. అదనపు చక్రాన్ని వద్దని చెప్పే నిషేధం ఇందులో లేదు. అందువల్ల ఒకే మోడల్‌లో కూడా ఒక రకానికి స్టెప్నీ ఉండి, మరో రకానికి లేకపోవచ్చు. కొనేముందు డిక్కీ తెరిపించి చూడటం, లేకపోతే ఆ మోడల్‌కు తగిన చక్రాన్ని విడిగా సమకూరుస్తారేమో అడగటం కొనుగోలుదారు బాధ్యత అయింది.

మూడు ఏర్పాట్లు, మూడు పరిమితులు

మిగతా నాలుగింటితో సమానమైన పూర్తి పరిమాణపు చక్రం అన్నిటికంటే మేలైనది. దానిని బిగించాక మామూలు వేగంతో గమ్యం వరకు వెళ్లవచ్చు. దూర ప్రయాణాలు చేసేవారికి, గ్రామీణ రహదారులపై తిరిగేవారికి, ఘాట్ రోడ్లు, అటవీ మార్గాల మీదుగా వెళ్లేవారికి ఇదే తగినది.

రెండోది తాత్కాలిక చక్రం. ఇది సన్నగా, తేలికగా ఉంటుంది. సాధారణంగా గంటకు 80 కిలోమీటర్ల వేగాన్ని మించరాదని దానిపైనే ముద్రించి ఉంటుంది. నాలుగు వరుసల జాతీయ రహదారులపై కార్లకు గంటకు 100 కిలోమీటర్ల వరకు అనుమతి ఉంది. కనుక తాత్కాలిక చక్రంతో వెళ్లేవారు ఎడమ వరుసలోనే నిదానంగా సాగి, మొదట కనిపించిన పంక్చర్ దుకాణం వద్ద ఆగాలి. తడి రోడ్డుపై బ్రేకు వేసినప్పుడు దీని పట్టు తక్కువగా ఉంటుందని గుర్తుంచుకోవాలి.

మూడోది మరమ్మతు కిట్టు. సీసాలోని ద్రవం టైరులోకి వెళ్లి రంధ్రాన్ని మూసివేస్తుంది. 12 వోల్టుల పంపు గాలి నింపుతుంది. టైరు నేలను తాకే భాగంలో మేకు గుచ్చుకున్నంత చిన్న రంధ్రమైతే ఇది పనిచేస్తుంది. టైరు పక్కగోడ చీలినా, గుంతలో పడి రిమ్ము వంగినా, టైరు పేలిపోయినా ఈ సీసాతో ప్రయోజనం లేదు. ఈ ద్రవానికి గడువు తేదీ కూడా ఉంటుంది. గుంతలు ఎక్కువగా ఉన్న రోడ్లపై తిరిగేవారు కిట్టు ఒక్కదానిపై ఆధారపడటం మంచిది కాదు.

అంకెలను చదవడం ఎలా?

అదనపు చక్రాన్ని విడిగా కొనవలసి వచ్చేది ముఖ్యంగా ముగ్గురికి. స్టెప్నీ లేని కొత్త కారు కొన్నవారు మొదటివారు. పాత కారు కొని, డిక్కీలో ఏదో ఒక చక్రాన్ని పొందినవారు రెండోవారు. అందం కోసం నాలుగు చక్రాలను పెద్ద అలాయ్ చక్రాలుగా మార్చి, ఐదో దానిని మరచినవారు మూడోవారు. ఈ ముగ్గురూ టైరు పక్కన ఉన్న అంకెల భాష తెలుసుకోవాలి.

165/80 ఆర్ 14 85టి అని ఉందనుకుందాం. 165 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో. 80 అంటే పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో 80 శాతం. ఆర్ అంటే రేడియల్. 14 అంటే రిమ్ము వ్యాసం అంగుళాల్లో. 85 అనేది బరువు సూచిక. ఆ టైరు 515 కిలోల వరకు మోయగలదని అర్థం. టి అంటే గంటకు 190 కిలోమీటర్ల వేగం వరకు తట్టుకునేలా తయారైందని సూచన.

ఇక చిన్న లెక్క. 165లో 80 శాతం 132 మిల్లీమీటర్లు. పైన, కింద కలిపి 264. పద్నాలుగు అంగుళాలంటే సుమారు 356 మిల్లీమీటర్లు. మొత్తం వ్యాసం 620 మిల్లీమీటర్లు. ఇదే పద్ధతిలో 155/80 ఆర్ 13 టైరు వ్యాసం సుమారు 578 మిల్లీమీటర్లు. రెండింటి మధ్య నాలుగు సెంటీమీటర్లకు పైగా తేడా ఉంది. అదే 165/70 ఆర్ 14 టైరు వ్యాసం సుమారు 587 మిల్లీమీటర్లు. అంటే ఈ 14 అంగుళాల టైరు, పైన చెప్పిన 13 అంగుళాల టైరుతో దాదాపు సమానం. రిమ్ము అంగుళాలు మాత్రమే చూసి చక్రాన్ని ఎంచుకుంటే పొరపాటు జరిగే అవకాశం ఇక్కడే ఉంది.

ఒకే ఇరుసుపై రెండు చక్రాల వ్యాసాలు వేర్వేరుగా ఉంటే కారు ఒక పక్కకు లాగుతుంది, ఇంజను శక్తిని చక్రాలకు పంచే భాగంపై ఒత్తిడి పడుతుంది. మన చిన్న కార్లలో అత్యధికం ముందు చక్రాల బలంతో నడిచేవే. అందుకే చిన్న చక్రాన్ని వెనుక వాడుకోవడం ఉత్తమం. ముందు టైరు పంక్చర్ అయితే, వీలున్నచోట వెనుక ఉన్న మంచి చక్రాన్ని ముందుకు తెచ్చి, చిన్న చక్రాన్ని వెనుక బిగించుకోవాలి.

టైరు సరిపోయినంత మాత్రాన చక్రం సరిపోదు. బోల్టు రంధ్రాల సంఖ్య, వాటి మధ్య దూరం, మధ్య రంధ్రం కొలత కూడా కలవాలి. కొన్ని కార్లలో నట్టులు, కొన్నింటిలో బోల్టులు వాడతారు. అలాయ్ చక్రాలకు వాడే బోల్టు ఇనుప చక్రానికి పొడవు ఎక్కువై లోపలి భాగాలకు తగలవచ్చు. కొన్న దుకాణంలోనే ఒకసారి బిగించి, చేతితో తిప్పి చూసుకోవడం సులువైన పరీక్ష.

వాడకపోయినా వయసు మీద పడుతుంది

టైరు పక్కన అండాకారపు గడిలో నాలుగు అంకెలు ఉంటాయి. 2321 అని ఉంటే అది 2021లో 23వ వారంలో తయారైందని అర్థం. ఒక్కసారి కూడా రోడ్డు తాకని స్టెప్నీ కూడా ఏళ్లు గడిచేకొద్దీ రబ్బరు గట్టిపడి బీటలు వారుతుంది. పూర్తి పరిమాణపు స్టెప్నీ అయితే టైర్లను మార్చి మార్చి వాడుకునే వరుసలో దానిని కూడా చేర్చడం మంచిది. వాడిన టైరును స్టెప్నీగా పెట్టుకునేటప్పుడు గాడి లోతు చూడాలి. 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే ఆ టైరు పనికిరాదు.

ఎక్కువగా ఎదురయ్యే ఇబ్బంది ఇంకొకటి ఉంది. అవసరమై తీసిన స్టెప్నీలో గాలి ఉండదు. టైరులోంచి గాలి నెమ్మదిగా తగ్గుతూనే ఉంటుంది. నెలకోసారి నాలుగు చక్రాలకు గాలి పట్టించేటప్పుడు ఐదో దానిని కూడా చూపించాలి. ఎంత గాలి ఉండాలో డ్రైవరు తలుపు వద్ద అతికించిన చీటీపై లేదా కారు పుస్తకంలో ఉంటుంది. సన్నని తాత్కాలిక చక్రాలలో చాలావాటికి 60 పీఎస్‌ఐ అవసరం. మామూలు టైర్లకు నింపే 30, 33 పీఎస్‌ఐతో వాటిని వాడితే ప్రమాదం.

డిక్కీలో ఉండవలసినవి

కారుతో వచ్చిన జాకీ, దాని పిడి, చక్రం పానా మొదటి అవసరాలు. నట్టులు సాధారణంగా 17, 19, 21 మిల్లీమీటర్ల కొలతల్లో ఉంటాయి. కారుతో ఇచ్చే పొట్టి పానాతో గట్టిగా బిగిసిన నట్టు తిరగడం కష్టం. పొడవాటి పిడి ఉన్న పానా లేదా ప్లస్ ఆకారపు పానా ఉంటే వయసు మీరినవారు, సన్నగా ఉన్నవారు కూడా ఆ పని చేయగలరు. అలాయ్ చక్రాలకు దొంగల భయంతో తాళపు నట్టు వేయించుకున్నవారు దాని తాళాన్ని కారులోనే ఉంచాలి. ఇంట్లో మరచిపోతే చక్రం ఊడదు.

వీటికి తోడు జాకీ కింద వేయడానికి ఒక చదునైన చెక్క ముక్క ఉండాలి. నల్లరేగడి నేలలో, వాన పడిన మట్టి అంచున చెక్క లేకపోతే కారు లేవదు, జాకీ భూమిలోకి దిగుతుంది. చక్రాలకు అడ్డు పెట్టడానికి రెండు దిమ్మలు, తలకు తగిలించుకునే టార్చి, చేతి తొడుగులు, గాలి కొలిచే గేజి, 12 వోల్టుల పంపు, మెరిసే చొక్కా, ఎరుపు హెచ్చరిక త్రిభుజం కూడా ఉండాలి. ఇవన్నీ ఒక చిన్న సంచిలో ఇమిడిపోతాయి.

చక్రం కంటే ప్రాణం ముఖ్యం

గాలి దిగిన టైరుతో కొంత దూరం నెమ్మదిగా నడిపితే ఆ టైరు పాడవుతుంది. అయినా రద్దీ మార్గంలో ఆగడం కంటే సమతలంగా, విశాలంగా ఉన్న చోటికి చేరడమే మంచిది. అక్కడ నాలుగు సూచిక దీపాలు వెలిగించి, పిల్లలను, పెద్దలను ఎడమ వైపు నుంచి దింపి, రోడ్డుకు దూరంగా, వీలైతే కంచెకు ఆవల నిలబెట్టాలి. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వచ్చే వాహనం సెకనుకు దాదాపు 28 మీటర్లు ముందుకు వస్తుంది. హెచ్చరిక త్రిభుజాన్ని 50 మీటర్ల దూరంలో పెడితే వెనుక వచ్చే డ్రైవరుకు దొరికే సమయం రెండు సెకన్లలోపే. అందుకే వేగ రహదారిపై దానిని నూరు మీటర్లకు తక్కువ కాకుండా ఉంచాలి. చెట్టు కొమ్మలు, బండరాళ్లు అడ్డుగా పెట్టి, పని అయ్యాక వాటిని రోడ్డుపైనే వదిలివెళ్లే అలవాటు వెనుక వచ్చే ద్విచక్ర వాహనదారుల ప్రాణాల మీదికి తెస్తుంది.

చక్రం నేలపై ఉన్నప్పుడే నట్టులను కొద్దిగా వదులు చేయాలి. హ్యాండ్ బ్రేకు వేసి, ఎదురు మూలన ఉన్న చక్రానికి దిమ్మ పెట్టి, కారు పుస్తకంలో చూపిన చోటనే జాకీ అమర్చాలి. జాకీపై నిలిచిన కారు కిందికి చేయి గాని తల గాని పోనివ్వరాదు. కొత్త చక్రం పెట్టాక నట్టులను ఎదురెదురుగా బిగించి, కారును దించాక మరోసారి గట్టిగా బిగించాలి. సుమారు 50 కిలోమీటర్ల తరువాత మళ్లీ చూసుకోవాలి.

వాహనాలు దూసుకుపోయే కుడి వైపు చక్రం పంక్చర్ అయి, పక్కన చోటు లేకపోతే సొంతంగా మార్చే ప్రయత్నం చేయరాదు. జాతీయ రహదారులపై 1033కు, అత్యవసరమైతే 112కు ఫోన్ చేసి సాయం కోరాలి.

ఇవన్నీ చీకట్లో, కంగారులో నేర్చుకునే పనులు కావు. సెలవు రోజున ఇంటి ముందు, పగటి వెలుగులో ఒకసారి స్టెప్నీని బయటికి తీసి, ఒక చక్రం విప్పి మళ్లీ బిగించి చూడండి. కారు నడిపే ప్రతి ఒక్కరి చేతా ఆ పని చేయించండి. పానా సరిపోతుందా, జాకీ తిరుగుతుందా, స్టెప్నీలో గాలి ఉందా అన్నవి ఆ అరగంటలోనే తేలిపోతాయి.