దస్తావేజులోని షరతు

భూమిని అమ్మిన పిమ్మట దాని వాడుకపై పాత యజమానికి అధికారము ఉండునా? సాధారణముగా ఉండదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము ప్రకారము, ‘ఇక నెన్నడును అమ్మరాదు’ అను షరతు చెల్లదు. అయితే అమ్మినవాడు పక్క స్థలమును తనకే ఉంచుకొని, దాని గాలి వెలుతురుల కొరకు ‘ఈ జాగాలో ఇల్లు కట్టరాదు’ అని వ్రాయించినచో అది చెల్లును. తెలిసి కొన్న తరువాతివానిని కూడ బంధించును.

భద్రాచలం మన్యములో షరతు పత్రమున లేకున్నను చట్టముననే ఉన్నది. 1959 నాటి భూబదిలీ నిబంధనలు, 1970 సవరణ ప్రకారము, అమ్మువాడెవడైనను సరే, గిరిజనేతరునికి చేసిన బదిలీ చెల్లదు. కోయల పొలములు చేజారకుండుటకే ఈ కట్టుబాటు. రిజిస్టరైన కాగితము చేతనున్నంత మాత్రమున హక్కు రాదు. కనుక బయానా ఇచ్చుటకు ముందే పాత దస్తావేజులు చదివించుకొనుడు. గ్రామము షెడ్యూలు ప్రాంతముననున్నదేమో విచారింపుడు.