స్వలాభము లేనిదే లోకము నడవదా?

మన సంఘముల మహాజన సభలలో ఏటేటా వినవచ్చు మాట యొకటి కలదు. ఎవరి లాభము వారు చూచుకొననిదే యే పనియు సాగదనియు, ధనవంతుడు పెట్టుబడి పెట్టి లాభము గడించుటచేతనే లోకము ముందునకు పోవుచున్నదనియు, సహకారము మంచివారు కనెడి కల యనియు కొందరు సభ్యులందురు. ఈ మాటను తేలికగా త్రోసివేయుట తగదు. దీనిలో సగము నిజమున్నది. ఆ సగమేదో విడదీసి చూడవలయునని మా ప్రయత్నము.

ఆ మాటలో రెండు వేర్వేరు సంగతులు ఒకే మూటగా కట్టబడియున్నవి. తన కష్టమునకు తగిన ఫలము తన యింటికి రావలయునని కోరుట స్వలాభము. ఇది దున్నువానికిని, నేయువానికిని, పాలు పితుకు స్త్రీకిని సహజము. పెట్టుబడిదారీ విధానమన్ననో, సొమ్ము పెట్టినవాడే యజమానియై, కష్టించినవారికి కూలియో ధరయో చెల్లించి, మిగులును తానే తీసికొను ఏర్పాటు. మొదటిది మానవ స్వభావము. రెండవది మనుష్యులు కల్పించుకొన్న కట్టుబాటు. మొదటిది లేక పని జరుగదని యొప్పుకొన్నంతమాత్రమున రెండవది తప్పదని తేలదు.

స్వలాభమును బొత్తిగా కాదనిన నేమగునో చీనాదేశము చూపినది. అచ్చట 1958 నుండి పొలములు కమ్యూనుల క్రిందికి తేబడెను. ఎవడెంత చెమటోడ్చినను గింజలు ఉమ్మడి గాదెకే పోవుచుండెను. 1978వ సంవత్సరపు చలికాలమున అన్హుయి రాష్ట్రములోని షియావ్‌గాంగ్ అను బీదపల్లెలో 18 మంది రైతులు రహస్యముగా కూడి, పొలమును ఇంటింటికి పంచుకొనుటకును, సర్కారు వాటా పోగా మిగిలినది ఎవరిది వారే యుంచుకొనుటకును ఒక కాగితముపై వ్రేలిముద్రలు వేసిరి. అది నాడు చెరసాలకు పంపదగిన నేరము. మరుసటి యేట ఆ పల్లెవారు అనేక సంవత్సరములుగా కననంత ధాన్యము పండించిరి. పిదప ప్రభుత్వమే ఆ పద్ధతిని దేశమంతట అనుమతించెను.

దయాధర్మములపై ఆధారపడిన పనియు చిరకాలము నిలువదు. దీనికి సాక్ష్యము మన పరపతి సంఘముల పుట్టినింటనే కలదు. జర్మనీ దేశమున రైను నదీ ప్రాంతమునందు ఫ్రెడరిక్ విల్‌హెల్మ్ రైఫైజను (1818–1888) కొన్ని గ్రామములకు మేయరుగా నుండెను. 1846–47 నాటి కాటకమున బీదలు ఆకలికి మాడుచుండగా, అతడు కలిగినవారిని కూడగట్టి, పొయ్యి కట్టించి, రొట్టెను అరువిచ్చు సంఘమును పెట్టెను. పిదప పశువుల వ్యాపారుల వడ్డీకి చిక్కిన రైతులకొరకు మరియొక సంఘము. 1854లో హెడ్డెస్‌డార్ఫు గ్రామమున ఇంకొకటి. వీనిలో పూచీ ధనవంతులది, అప్పు బీదరైతులది. కొలది యేండ్లలోనే ధనవంతుల యుత్సాహము చల్లారెను. తమకేమియు రాని పనికి తమ యాస్తిని పూచీ పెట్టి యెంతకాలము కూర్చుందురు? రైఫైజను భక్తిపరుడు, ఇరుగుపొరుగువారి ప్రేమపైననే సంఘము నిలువవలయునని అతని పట్టుదల. అయినను అనుభవము అతనిని లొంగదీసెను. 1864లో ఆ సంఘమును మార్చి, అప్పు కావలసిన ప్రతివాడును సభ్యుడు కావలయుననియు, సభ్యులందరును ఒకరి కొకరు తమ యావదాస్తితో పూచీ యనియు కట్టడి చేసెను.

ఆ కట్టడి ఎట్లు పనిచేసెనో రైతులకు వేరుగా చెప్పనక్కరలేదు. పొరుగువాడు ఎద్దుల పేరిట అప్పు తీసికొని పెండ్లికి వ్యయపెట్టినచో మన పొలమునకు ముప్పు. కావున వాడు ఎద్దులు కొనెనో లేదో మనమే పోయి చూతుము. పై యధికారి తనిఖీకంటె ఇది చవుక, గట్టిది కూడ. అచ్చట స్వలాభమును ఎవరును చంపలేదు. ఒకని లాభమును మరియొకని నిజాయితీకి ముడివేసిరి. మదరాసు ప్రభుత్వముచే నియమింపబడిన ఫ్రెడరిక్ నికల్సను 1895, 1897 సంవత్సరములలో వెలువడిన తన నివేదికయందు ఈ పద్ధతినే మనకు సిఫారసు చేసెను. 1904లో పరపతి సంఘముల చట్టము వచ్చెను. తరువాతి కాలమున మన దేశములో అధికారుల పెత్తనమును, ఎన్నికలవేళ అప్పు రద్దు వాగ్దానములును హెచ్చి ఆ ముడి సడలెను. ఎవరో చెల్లింతురన్న చోట పొరుగువానిని ఎవరు కనిపెట్టియుందురు? ఈ మాట కొందరికి చేదుగా నుండును; అయినను చెప్పక తప్పదు.

సరే, అప్పు సంగతి అట్లుండనిండు, క్రొత్త యంత్రములు, క్రొత్త విద్యలు పెట్టుబడిదారుడు లేక ఎట్లు వచ్చునని అడుగుదురు. ఈ ప్రశ్న గట్టిది. దీనికి గుజరాతులోని ఖేడా జిల్లా పాడిరైతులు జవాబు చెప్పియున్నారు. 1945 నాటికి ఆ జిల్లా పాలను సేకరించి బొంబాయి నగరమునకు పంపు హక్కు ఆనందు పట్టణములోని పోల్సను కంపెనీ కొక్కదానికే యుండెను. నగరమున ధర యెంత పలికినను రైతుచేతికి వచ్చునది దళారి దయ. సర్దారు వల్లభభాయి పటేలు సలహాపై 1946 జనవరి 4వ తేదీన సమర్ఖా గ్రామమున రైతులు కూడి, తమ సంఘములకు తప్ప ఇతరులకు పాలు పోయరాదని నిశ్చయించిరి. పదునైదు దినములు పాలు కంపెనీకి అందలేదు. ఆ దినములలో రైతుల యిండ్లలోను రాబడి నిలిచెను. తుదకు ప్రభుత్వము దిగివచ్చెను. ఆ డిసెంబరు 14వ తేదీన త్రిభువనదాసు పటేలు నాయకత్వమున జిల్లా పాల యూనియను రిజిస్టరయ్యెను. రెండు గ్రామ సంఘములు, దినమునకు 247 లీటర్ల పాలు: ఇదియే నేటి అమూల్‌కు ప్రారంభము.

చలికాలమున గేదెలు హెచ్చుగా పాలిచ్చును. ఆ మిగులును నిలువచేయవలెనన్న పొడిగా మార్చవలయును. గేదెపాలను పొడిచేయుట సాధ్యము కాదని పాశ్చాత్య నిపుణులు తలచుచుండిరి. వారి పాడి ఆవులది గదా! ఆనందులో హెచ్. ఎం. దలాయా అను నిపుణుడు ఆ పనిని సాధించెను; 1955లో పాలపొడి కర్మాగారము తెరువబడెను. లాభాపేక్షగల వాటాదారుడు తేని విద్యను పాలు పోయు రైతుల యవసరము తెచ్చెను. అచ్చటను పెట్టుబడి కావలసివచ్చెను. యునిసెఫ్ సంస్థ యంత్రముల నిచ్చి తోడ్పడెను. కాని పెట్టుబడి అచ్చట జీతగాడే గాని యజమాని కాలేదు. 1844లో ఇంగ్లండులోని రోచ్‌డేలు పట్టణమున 28 మంది సామాన్యులు 28 పౌన్లతో అంగడి తెరచిననాటి పద్ధతియు ఇదియే. వాటాలెన్ని యున్నను మనిషికొక్క వోటు. సొమ్మునకు మితమైన వడ్డీ. మిగిలిన లాభము ఎవరెంత సరకు కొనిరో ఆ లెక్కన.

మన పొలములకే వత్తము. మారుటేరు నుండి వచ్చిన స్వర్ణ వరియు, బాపట్ల నుండి 1986లో విడుదలయైన సాంబా మసూరియు జీతముపై పనిచేసిన ప్రభుత్వ శాస్త్రజ్ఞుల కృషి. రైతు తన గాదెలోని గింజనే మరల చల్లుకొనవచ్చును. పరపక్షమును కూడ చెప్పుట న్యాయము: 2002లో మన దేశమునకు వచ్చిన బీటీ ప్రత్తి ప్రైవేటు పెట్టుబడి ఫలితమే, కాయతొలుచు పురుగుపై మందుల ఖర్చు కొంతకాలము తగ్గెను. కాని 1600 రూపాయలకు పైబడి అమ్మిన 450 గ్రాముల సంచి, 2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము గుత్తవ్యాపార నిరోధక కమిషను ఎదుట వాదించిన పిదప 750 రూపాయలకు దిగెను. అదే విత్తనము, అవే కంపెనీలు.

ఇక మన సంఘముల మాట. పంట కల్లమునకు వచ్చినవేళ వ్యాపారి వచ్చి, సంఘపు ధరకంటె క్వింటాలుకు ఇరువది రూపాయలు హెచ్చు ఇత్తుననును. సభ్యుడు స్వలాభమే యని అతని బండికెత్తును. ఆ ఇరువది రూపాయలు వ్యాపారి యిచ్చుట సంఘమున్నదనియే గదా! గోదాము ఖాళీయై సంఘము మూతపడిన మరుసటి యేట అతడేమి ధర చెప్పునో, సంఘములు పుట్టకముందు పంటలమ్మిన పెద్దల నడుగుడు. అయితే సభ్యుని విశ్వాసమును ఊరక కోరు హక్కు సంఘమునకును లేదు. అది హెడ్డెస్‌డార్ఫు ధనవంతులను కోరినట్లే యగును. నాటి కరీంనగరు జిల్లా ముల్కనూరులో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డి 1956లో ప్రారంభించిన సంఘము అప్పు, ఎరువు, అమ్మకము ఒక్కచోటనే సమకూర్చి నిలిచినది. రైతు సంఘమును వదలిపోయిన తనకే నష్టమగునట్లు పని జరుగవలయును.

కావున ఈ యేటి మహాజన సభలో లెక్కలు చదువునపుడు సభ్యులు లేచి అడుగవలసినవి మూడు. ధాన్యము తూచిన ఎన్ని దినములకు సొమ్మిచ్చిరి? తరుగు క్రింద ఎంత కోసిరి? మిగులును వాటాలను బట్టి పంచిరా, తోలిన పంటను బట్టి పంచిరా? వీనికి తిన్నని జవాబు రాని సంఘమున, కల్లము వద్దకు వచ్చిన వ్యాపారికి ధాన్యమమ్మిన సభ్యుని తప్పుపట్టుటకు మాకు నోరు రాదు.