అండమాన్ బీచ్‌లో వాన.. మార్టూరు మిర్చి రైతుకు గుబులు! అసలు లింకేంటి?

పిల్లలకు సెలవులు. రెండేళ్లుగా అనుకుంటున్న అండమాన్ ట్రిప్. చెన్నై వెళ్లి అక్కడి నుంచి విమానం ఎక్కి, దీవిలో దిగి, బీచ్ పక్కన రూమ్ తీసుకున్నారు. తెల్లారి లేచి చూస్తే కుండపోత వాన! స్కూబా డైవింగ్ లేదు, బోటు లేదు, రూమ్ అద్దె మాత్రం పడుతూనే ఉంటుంది. బాపట్ల జిల్లా మార్టూరు నుంచి వెళ్లిన కుటుంబమైతే ఆ వానను చూసి ఇంకో సంగతి కూడా ఆలోచించాలి. నవంబర్, డిసెంబర్‌లో అక్కడ పడే వాన కొన్నిసార్లు వారం తిరిగేసరికి ఇంటి దగ్గర చేలోకి వస్తుంది.

ముందు అక్కడి వాన సంగతి చూద్దాం. అండమాన్‌లో ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వర్షం పడుతుంది. మార్టూరు చుట్టుపక్కల పడేదానికి ఇది మూడు రెట్లకు పైనే. నైరుతి రుతుపవనాలు కేరళ కంటే ముందు, మే మూడో వారానికల్లా అండమాన్‌ను తాకుతాయి. అవి వెళ్లాక ఈశాన్య రుతుపవనాలు మొదలవుతాయి. అంటే రెండు సీజన్లలోనూ వానే. జనవరి నుంచి ఏప్రిల్ వరకు కాస్త తెరిపి. మన వాళ్లు ఎక్కువగా వెళ్లే దసరా, క్రిస్మస్ సెలవులకు వాన భయం ఉండనే ఉంటుంది.

అయితే అసలు ఇబ్బంది వానతో కాదు, గాలితో. హేవ్‌లాక్ (ఇప్పుడు స్వరాజ్ ద్వీప్), నీల్ (ఇప్పుడు షహీద్ ద్వీప్) దీవుల నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు (ఇప్పుడు శ్రీ విజయపురం) రావాలంటే దాదాపు అందరికీ బోటే దిక్కు. గాలి పెరిగి అలలు ఎగిసిపడితే జెట్టీ దగ్గర బోటు నిలబడదు. అధికారులు సర్వీసులు ఆపేస్తారు. పోర్టుల్లో ఎగరేసే ఒకటో నంబరు హెచ్చరికకు అర్థం, దూరంలో ఎక్కడో వాయుగుండం ఉందని. మూడో నంబరు పడిందంటే ఈదురుగాలులు ఆ పోర్టుకే వస్తున్నట్టు. టీవీ స్క్రోలింగ్‌లో కనిపించే ఈ అంకెలు పడవలవాళ్లకే అనుకుంటాం గానీ, టూరిస్టుకూ అంతే అవసరం.

2016 డిసెంబర్‌లో ఇదే జరిగింది. హేవ్‌లాక్, నీల్ దీవుల్లో వెయ్యి మందికి పైగా పర్యాటకులు చిక్కుకుపోయారు. బోట్లు ఆగిపోయాయి, తిరుగు విమానాలు తప్పిపోయాయి. నేవీ బిత్రా, బంగారం, కుంభీర్ ఓడలను పంపినా సముద్రం నెమ్మదించేదాకా జనాన్ని ఎక్కించుకోవడం కుదరలేదు. డిసెంబర్ 9న గానీ తరలింపు సాగలేదు. అదే వాయుగుండం వర్ధా తుపానుగా మారి డిసెంబర్ 12న చెన్నైని అతలాకుతలం చేసింది.

అందుకే తెలిసినవాళ్లు ఒక పని చేస్తారు. ఆఖరి రాత్రి చిన్న దీవిలో ఉండరు, ముందు రోజే పోర్ట్ బ్లెయిర్‌కు వచ్చేస్తారు. పొద్దున బోటు, మధ్యాహ్నం ఫ్లైట్ అని టికెట్లు కొనడం జూదమే. మందులు, కాస్త నగదు రెండు రోజులకు సరిపడా ఎక్కువ ఉంచుకోవాలి. ఉత్త జల్లులే అయితే బెంగ అక్కర్లేదు. రాధానగర్ బీచ్ పడమటి వైపు ఉంటుంది కాబట్టి నైరుతి గాలులప్పుడు అక్కడ అలలు ఎక్కువ. అప్పుడు తూర్పున ఉన్న విజయ్‌నగర్, కాలాపత్థర్ వైపు వెళ్లొచ్చు. ఈశాన్య గాలులప్పుడు లెక్క తిరగబడుతుంది. పోర్ట్ బ్లెయిర్‌లో ఉంటే సెల్యులార్ జైలు, మ్యూజియంలు ఎలాగూ ఉన్నాయి. వాన తగ్గింది కదా అని వెంటనే నీళ్లలోకి దిగడం మాత్రం వద్దు. పైన ఎండ కాసినా లోపలికి లాగే ప్రవాహాలు ఇంకా ఉంటాయి. వాడరేవు, సూర్యలంకలోనూ ఇదే మాట.

ఇక మార్టూరు లింకు. దక్షిణ అండమాన్ సముద్రంలో పుట్టిన అల్పపీడనాలు ఎక్కువగా పడమర, వాయవ్య దిశగా కదులుతాయి. దారిలో వెచ్చటి నీళ్లు దొరికితే బలపడతాయి. మిచౌంగ్ తుపాను అలా వచ్చిందే. 2023 నవంబర్ 27న అండమాన్ దగ్గర అల్పపీడనం. డిసెంబర్ 1న వాయుగుండం. 3న తుపాను. 5న మధ్యాహ్నం బాపట్లకు దక్షిణాన తీరం దాటింది. గంటకు 90 నుంచి 100 కిలోమీటర్ల గాలి! అండమాన్‌లో మబ్బు పట్టిన రోజు నుంచి ఇక్కడ చేను పడిపోయిన రోజుకు మధ్య ఎనిమిది రోజులే.

ఆ రోజుల్లో మార్టూరు చుట్టుపక్కల పత్తి తీతలు నడుస్తుంటాయి, మిర్చి కాపు మీద ఉంటుంది. విచ్చుకున్న పత్తి తడిస్తే రంగు మారి రేటు పడిపోతుంది. నల్లరేగడిలో నీళ్లు నిలిస్తే మిర్చి వేళ్లకు ఊపిరాడదు, మొక్క నిలువునా వడలిపోతుంది. కోసిన కాయ కల్లంలో తడిస్తే తాలు కిందే లెక్క.

అలాగని అండమాన్‌లో మబ్బు పట్టిన ప్రతిసారీ ఇక్కడ కంగారు పడనక్కర్లేదు. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ అండమాన్ దీవులను దాటుకునే వచ్చింది గానీ విశాఖ మీద పడింది. 2013 నవంబర్‌లో లెహర్ పోర్ట్ బ్లెయిర్ దగ్గర గట్టిగానే దాటింది, అందరూ భయపడ్డారు. తీరా మచిలీపట్నం చేరేసరికి బలం పోయి వాయుగుండంగా మిగిలింది. పొడిగాలి తగిలినా, పై గాలులు అడ్డం తిరిగినా తుపాను అలా నీరసించిపోతుంది.

వాతావరణ శాఖ ప్రతి గురువారం రాబోయే రెండు వారాల్లో బంగాళాఖాతంలో తుపాను పుట్టే అవకాశంపై అంచనా ఇస్తుంది. ట్రిప్ టికెట్లు బుక్ చేసేవాళ్లూ, పత్తి తీతకు కూలీలను మాట్లాడుకునేవాళ్లూ చూడాల్సింది అదే బులెటిన్.