మనసులు చదివే గూఢచారులు

గూఢచారులనగానే మనకు మారువేషాలూ, రహస్యపు ఫొటోలూ స్ఫురిస్తాయి. కాని పరదేశ నాయకుల మనసులు చదవడం కూడా ఆ శాఖవారి పనే.

1978లో అమెరికా అధ్యక్షుడు కార్టరుకు ఆ అవసరమే వచ్చింది. అప్పటికి నాలుగుసార్లు యుద్ధానికి దిగిన ఈజిప్టు, ఇజ్రాయెల్ నాయకులను ఆయన సంధికి పిలిచాడు. వారిద్దరి స్వభావమెలాంటిదని సి.ఐ.ఏ. వారిని అడిగాడు. మానసిక వైద్యులు వారి ప్రసంగాలూ, జీవిత విశేషాలూ పరిశీలించి నివేదికలు తయారుచేశారు. ఈజిప్టు అధ్యక్షుడు సాదత్‌కు చరిత్రలో తన పేరు నిలవాలనే తపన. చిన్న చిన్న వివరాలు పట్టవు. ఇజ్రాయెల్ ప్రధాని బెగిన్ ప్రతి మాటనూ తూచి చూసే మనిషి. మరి ఇద్దరికీ పొసగుతుందా?

సెప్టెంబరులో కాంప్ డేవిడ్ అనే కొండ విడిదిలో ఎదురెదురుగా కూర్చోబెడితే తగవే మిగిలింది. దానితో కార్టరు వారిని వేరుచేసి, తానే ఇద్దరి మధ్యా తిరిగాడు. పదమూడోనాడు జెరూసలేం విషయంలో బెగిన్ అలిగి, ప్రయాణానికి సిద్ధమయ్యాడు. కార్టరు తన ఫొటోలమీద బెగిన్ మనవల పేర్లు విడివిడిగా రాసి, సంతకం చేసి, స్వయంగా తీసుకువెళ్ళి ఇచ్చాడు. పేర్లు చదువుతూ బెగిన్ కంటతడి పెట్టాడు. ఆనాడే ఒప్పందం కుదిరింది. 1979 మార్చిలో శాంతి సంధి జరిగింది.

ఆ పేర్లు రాయమన్నది మానసిక వైద్యులు కారు. కార్టరు కార్యదర్శిగా పనిచేసిన మహిళ! తాతగారి మనసు తెలుసుకోవడానికి ఏ శాస్త్రమూ అక్కరలేదేమో!