మీకు తెలుసా? తాబేలు వీపు మీది గుడి

హిందూపురానికి సుమారు 15 కిలోమీటర్ల దూరంలో లేపాక్షి వీరభద్రాలయాన్ని మోస్తున్న కూర్మశైలం, అనగా తాబేలు వీపులా గుండ్రంగా ఉబికిన రాతిగుట్ట, పేరుకు శైలమే గాని ఎక్కడానికి ఆయాసపడవలసినంత ఎత్తైనది కాదు. అయినా చుట్టూ బయలు నేల కావడం వల్ల, దానికంటె ఎత్తైన గ్రానైట్ కొండలు అక్కడి నుంచి విశాలంగా కనిపిస్తాయి. బలహీనమైన శిల యుగాల తరబడి శిథిలమై కొట్టుకుపోగా, గట్టి శిల మిగిలి ఏర్పడిన ఇటువంటివాటిని అవశిష్ట కొండలంటారు. పెనుకొండ కూడా ఈ కోవలోదే. ‘పెను’ అంటే పెద్ద గనుక ఆ పేరులో అతిశయోక్తి లేదు. 1565 నాటి తళ్లికోట యుద్ధం తరువాత విజయనగర రాజధాని అయిన ఆ కొండ ఊళ్లో, అంతకుముందు అచ్యుతదేవరాయల కాలంలో అధికారిగా ఉన్న విరూపణ్ణ, తన సోదరుడు వీరణ్ణతో కలిసి ఆలయాన్ని కట్టించింది మాత్రం ఈ చిన్న గుట్ట మీదనే. ఆ ఆలయం కొలువైన లేపాక్షి 2022లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేరింది.