అట్టమీద పేరు ఎవరిది?

లైటరు మూతలా పైకి తెరుచుకునే గ్రామఫోను రికార్డు అట్టని మీరెప్పుడైనా చూశారా? 1973 ఏప్రిల్‌లో లండన్ బజారులోకొచ్చిన ‘క్యాచ్ ఎ ఫైర్’ అట్ట సరిగ్గా అలాంటిదే! దానిమీద పేరు ‘ది వైలర్స్’. బాబ్ మార్లే ఒక్కడి పేరు కాదు. ఈ ముక్క గుర్తుంచుకోండి, పనుంది.

మార్లే, పీటర్ టాష్, బన్నీ వైలర్... ముగ్గురూ జమైకాలోని కింగ్‌స్టన్‌లో, ట్రెంచ్‌టౌన్ అనే పేదల పేటలో జట్టుకట్టిన కుర్రాళ్ళు. 1972లో ఐలాండ్ రికార్డ్స్ అధిపతి క్రిస్ బ్లాక్‌వెల్ వాళ్ళకి నాలుగువేల పౌన్లిచ్చి, ఎల్.పి. చేసి తెమ్మన్నాడు. “ఆ డబ్బుకి నీళ్ళొదులుకో” అన్నారట తెలిసినవాళ్ళు. కానీ టేపులు తయారయ్యాయి. తొమ్మిది పాటలు! అందులో రెండు టాష్ రాసినవి.

అసలు కిటుకంతా కార్ల్‌టన్ బారెట్ డ్రమ్స్‌లో ఉంది. మన పాటల్లో తాళం మొదటి దెబ్బ బలంగా పడుతుంది కదా! ఇక్కడ ఆ మొదటి దెబ్బే ఉండదు. చోటు ఖాళీగా వదిలేసి, మూడోదానిమీద ‘ధబ్’మనిపిస్తాడు. చాలా పాటల్లో ఆ ఖాళీలోంచి అన్న ఆస్టన్ బేస్ గిటార్ తాపీగా నడిచొస్తుంది. వింటుంటే కాలు దానంతటదే ఊగుతుంది!

రాక్ సంగీతం వినే తెల్లవాళ్ళ చెవికి ఎక్కాలని బ్లాక్‌వెల్ లండన్‌లో అదనపు హంగులు చేయించాడు. రెగే అంటే ఏమిటో ఎరగని అలబామా కుర్రాడు వేన్ పెర్కిన్స్ గిటార్ వాయించాడు. కీబోర్డు రాబిట్ బండ్రిక్. ఇద్దరి పేర్లూ అప్పటి రికార్డు మీద లేవు! 2001లో అసలు జమైకా టేపుల పాటలు కూడా విడుదలయ్యాయి. పెర్కిన్స్ గిటార్ గొప్పదే, కాదనను. అయినా నా ఓటు జమైకా టేపుకే.

లైటరు అట్టలు చేత్తో అతకాలి, ఖర్చెక్కువ. ఇరవైవేలతో ఆపేశారు. తర్వాతి అట్టమీద మార్లే బొమ్మ, ‘బాబ్ మార్లే అండ్ ది వైలర్స్’ అన్న పేరు వచ్చాయి. 1974కల్లా బన్నీ, టాష్ విడిపోయారు.

మార్లే 1981లో, ముప్ఫై ఆరేళ్ళకే క్యాన్సర్‌తో పోయాడు. 1987లో కార్ల్‌టన్‌నీ, టాష్‌నీ కాల్చి చంపారు. తనకీ తమ్ముడికీ రావలసిన రాయల్టీ కోసం ఆస్టన్ లండన్‌లో దావా వేశాడు. 1994లో చేసుకున్న రాజీకి కట్టుబడి ఉండాల్సిందేనంటూ 2006లో కోర్టు దాన్ని కొట్టేసింది. ఆయన 2024 ఫిబ్రవరిలో కన్నుమూశాడు.

అన్నట్టు, మొదటి పాట ‘కాంక్రీట్ జంగిల్’లో బేస్ ఆస్టన్‌ది కాదు. రాబీ షేక్స్‌పియర్‌ది. అప్పటికి అతనికి ఇరవయ్యేళ్ళు కూడా నిండలేదు!